సర్వేలు చెప్పే సీట్లు, ఉత్తర తెలంగాణ వేసిన ఓట్లు

లోక్‌సభ ఎన్నికల సర్వేలు, ఎగ్జిట్ పోల్స్ మన వరంగల్ వంటి చోట ఎంతవరకు నమ్మదగినవి, ఓట్ల శాతాన్ని ఇంచుమించు సరిగ్గా పట్టుకున్న సంస్థలు కూడా సీట్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తప్పుతాయి, డిగ్రీ ప్రాజెక్టు కోసం 2024 ఫలితాలను ఎక్కడి నుంచి మొదలుపెట్టి చదవాలి, సొంతంగా ఒక చిన్న సర్వే చేస్తే పనికొస్తుందా అని మీరు అడిగారు. హనుమకొండలో చాలా ఏళ్లు రాజనీతి శాస్త్రం బోధించిన వాడిగా, ఎన్నికల విధుల్లో పోలింగ్ కేంద్రంలోనూ లెక్కింపు బల్ల దగ్గరా కూర్చున్న వాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఓటర్ల ఇష్టాయిష్టాలను సర్వే కొలవగలదు. కానీ సీటు ఎవరిదన్నది, బలహీనపడిన పార్టీ ఓట్లు ఏ నియోజకవర్గంలో ఎటు మళ్లాయన్న దాన్ని బట్టి తేలుతుంది. దాన్ని పట్టుకునేంత లోతుగా మన ప్రాంతంలో సర్వేలు జరగవు. 2024లో ఉత్తర తెలంగాణ ఇచ్చిన తీర్పు కన్నా దీనికి మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందు దేశం లెక్క చూడండి. 2019లో బీజేపీకి 37.36 శాతం ఓట్లతో 303 సీట్లు వచ్చాయి. 2024లో 36.56 శాతం ఓట్లతో 240 వచ్చాయి. ఓట్లలో తగ్గుదల ఒక్క శాతం కూడా లేదు, సీట్లు మాత్రం 63 పోయాయి. అదే సమయంలో కాంగ్రెస్ ఓట్లు 19.49 శాతం నుంచి 21.19 శాతానికి పెరిగితే సీట్లు 52 నుంచి 99కి చేరాయి. జూన్ 1 సాయంత్రం వెలువడిన ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం ఎన్డీయే 350 దాటుతుందన్నాయి, కొన్ని 400 దాకా పోయాయి. జూన్ 4న తేలింది 293. ఈ తేడాను చూసి సర్వేలన్నీ డబ్బు తీసుకుని రాసినవేనని తేల్చేయడం తొందరపాటు. 80 సీట్లున్న ఉత్తరప్రదేశ్‌లో బీజేపీ 62 నుంచి 33కి పడిపోయింది, 5 సీట్లున్న సమాజ్‌వాదీ పార్టీ 37కి ఎదిగింది. అక్కడ సమాజ్‌వాదీ, కాంగ్రెస్ కలిసి పోటీ చేయడంతో చీలిపోయే ఓటు ఒకచోట చేరింది. ఆ ఒక్క రాష్ట్రాన్ని తప్పుగా అంచనా వేసినా చాలు, దేశం మొత్తం లెక్క తారుమారవుతుంది. 2004లోనూ సర్వేలు వాజపేయి ప్రభుత్వమే తిరిగి వస్తుందన్నాయి, కాంగ్రెస్ 145, బీజేపీ 138 దగ్గర ఆగాయి. 2009లో యూపీఏ బలాన్ని తక్కువ చేసి చూపాయి. 2019లో మాత్రం ఎక్కువ సంస్థలు దిశను, ఇంచుమించు పరిమాణాన్ని కూడా సరిగ్గానే చెప్పాయి. గెలుపు ఏకపక్షంగా ఉన్నప్పుడు శాతంలో చిన్న తప్పులు సీట్లలో పెద్దగా కనిపించవు. పోటీ దగ్గరగా ఉన్నప్పుడు అవే తప్పులు పెద్దవై బయటపడతాయి.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. 2023 నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 39.40, బీఆర్ఎస్‌కు 37.35, బీజేపీకి 13.90 శాతం ఓట్లు వచ్చాయి. ఆరు నెలలైనా గడవకముందే, 2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 40.10, బీజేపీకి 35.08, బీఆర్ఎస్‌కు 16.68 శాతం వచ్చాయి. పదిహేడు సీట్లలో బీజేపీ 8, కాంగ్రెస్ 8, మజ్లిస్ 1 గెలిచాయి, బీఆర్ఎస్‌కు ఒక్కటీ దక్కలేదు. పైపైన చూస్తే కూడిక, తీసివేత చక్కగా కుదిరిపోతుంది. బీఆర్ఎస్ పోగొట్టుకున్నది ఇరవై శాతానికి పైగా, బీజేపీ కలుపుకొన్నది ఇరవై ఒక్క శాతం, కాంగ్రెస్ ఉన్న చోటే ఉంది. కాబట్టి బీఆర్ఎస్ ఓటంతా బీజేపీకి పోయిందని ఫలితాల మరునాడు టీవీ చర్చల్లోనూ, పత్రికల్లోనూ, బస్టాండు దగ్గరా అందరూ అదే మాట అన్నారు. మీ ప్రాజెక్టులో మీరు మొదట పరీక్షించాల్సిన మాట ఇదేనని నేను గట్టిగా చెబుతాను.

ఎందుకంటే ఉత్తర తెలంగాణలోని ఆరు నియోజకవర్గాలను పక్కపక్కన పెడితే ఒకే కథ కనిపించదు. ఆదిలాబాద్‌లో గోడం నగేశ్ 90,652, నిజామాబాద్‌లో ధర్మపురి అర్వింద్ 1,09,241, కరీంనగర్‌లో బండి సంజయ్ 2,25,209 ఓట్ల ఆధిక్యంతో బీజేపీ తరఫున గెలిచారు. పెద్దపల్లిలో గడ్డం వంశీకృష్ణ 1,31,364, వరంగల్‌లో కడియం కావ్య 2,20,339, మహబూబాబాద్‌లో పోరిక బలరాం నాయక్ 3,49,165 ఓట్ల ఆధిక్యంతో కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఆరు చోట్లా బీఆర్ఎస్ దెబ్బతిన్నది. కానీ ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఒక ఫలితం, పెద్దపల్లి నుంచి ములుగు అడవుల మీదుగా భద్రాచలం దాకా ఇంకో ఫలితం. మహబూబాబాద్‌లో బీఆర్ఎస్ కూలిపోలేదు, మాలోత్ కవిత రెండో స్థానంలో నిలిచారు, బీజేపీ మూడో స్థానానికే పరిమితమైంది. రాష్ట్ర సగటు తీసుకుని ప్రతి నియోజకవర్గంలోనూ బీఆర్ఎస్ నుంచి ఇరవై శాతం తీసేసి బీజేపీకి కలిపేవారు కరీంనగర్‌లో సరిపోతారు, మహబూబాబాద్‌లో పూర్తిగా దెబ్బతింటారు. సర్వే సంస్థలు సాధారణంగా చేసేది ఇదే. రాష్ట్రస్థాయిలో ఎటు ఎంత మొగ్గు ఉందో కనుక్కుని, గత ఎన్నికల నియోజకవర్గ ఫలితాలకు దాన్ని సమానంగా జోడించి సీట్లు లెక్కగడతాయి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. మొత్తం లెక్కలు కుదిరినంత మాత్రాన మనుషులు ఆ దారిలోనే నడిచారని చెప్పలేం. నవంబర్‌లో కాంగ్రెస్‌కు ఓటేసిన కొందరు మేలో ప్రధాని ఎన్నిక కదా అని బీజేపీకి వేసి ఉండవచ్చు. అదే సమయంలో బీఆర్ఎస్ నుంచి అంతే మంది, అధికారంలోకి వచ్చిన పార్టీ వైపు కాంగ్రెస్‌కు జరిగి ఉండవచ్చు. రెండూ సమానంగా జరిగితే కాంగ్రెస్ శాతం కదలనట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం చాలామంది మారి ఉంటారు. నియోజకవర్గం లెక్కల నుంచి వ్యక్తి ప్రవర్తనను ఊహించడం గణాంక శాస్త్రంలో పాత తప్పు, ఎంత చదివినవారైనా అందులో పడతారు. దీన్ని తేల్చాలంటే ఒకే ఓటరును నవంబర్‌లో ఎవరికి వేశారు, మేలో ఎవరికి వేశారు అని రెండూ అడిగిన సర్వే కావాలి. అడిగినా, ఓడిపోయిన పార్టీకి వేసినవారిలో కొందరు గెలిచిన పార్టీకే వేశామని చెప్పడం మామూలే.

శాసనసభకు ఒక తీరు, లోక్‌సభకు ఒక తీరు ఓటు వేయడం కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇవాళ్టిది కాదు. 2018 డిసెంబర్‌లో కరీంనగర్ శాసనసభ స్థానంలో ఓడిన బండి సంజయ్, నాలుగు నెలలకే 2019 ఏప్రిల్‌లో అదే పట్టణం ఉన్న లోక్‌సభ స్థానంలో బి.వినోద్ కుమార్‌పై గెలిచారు. 2023లో మళ్లీ శాసనసభకు పోటీ చేసి ఓడారు, 2024లో మళ్లీ లోక్‌సభకు, ఈసారి రెండు లక్షలు దాటిన ఆధిక్యంతో గెలిచారు. అర్వింద్ కూడా 2023లో కోరుట్లలో ఓడి, ఆరు నెలల్లో నిజామాబాద్‌లో గెలిచారు. ఓటరు ఒకరే, అభ్యర్థి ఒకరే, జెండా ఒకటే, ఎన్నిక మాత్రం వేరు. 2018లో రాష్ట్రం మొత్తం మీద ఒక్క శాసనసభ స్థానం గెలిచిన బీజేపీకి 2019లో నాలుగు లోక్‌సభ సీట్లు వచ్చినప్పుడే ఈ తేడా స్పష్టమైంది. అందువల్ల డిసెంబర్ ఫలితాన్ని ఆధారంగా పెట్టుకుని మే ఫలితాన్ని అంచనా వేసే ఏ పద్ధతినైనా మన జిల్లాల్లో అనుమానంతోనే చూడాలి.

వరంగల్ సంగతి మరీ ప్రత్యేకం. 2014లో కడియం శ్రీహరి 3,92,574 ఓట్ల ఆధిక్యంతో, ఆయన ఉప ముఖ్యమంత్రి కావడంతో వచ్చిన 2015 ఉప ఎన్నికలో పసునూరి దయాకర్ 4,59,092 ఓట్ల ఆధిక్యంతో, 2019లో మళ్లీ దయాకర్ 3,50,298 ఓట్ల ఆధిక్యంతో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) తరఫున గెలిచారు. వరుసగా మూడు ఎన్నికల్లో ఇంత తేడా ఉన్న సీటును ఏ సర్వే సంస్థ అయినా ఆ పార్టీ ఖాతాలోనే వేసుకుని లెక్క మొదలుపెడుతుంది. 2024లో ఆ పార్టీ మూడో స్థానానికి వెళ్లింది. దాని అభ్యర్థి మారేపల్లి సుధీర్ కుమార్‌కు వచ్చిన మొత్తం ఓట్లు, 2019లో అదే పార్టీకి వచ్చిన ఆధిక్యం కన్నా తక్కువ. కావ్యకు 5,81,294, రెండో స్థానంలో ఉన్న ఆరూరి రమేశ్‌కు 3,60,955 ఓట్లు వచ్చాయి.

ఇందులో నేను మీ దృష్టికి తేవాలనుకున్నది అంకెల కన్నా పేర్లు. ఆరూరి రమేశ్ 2023 దాకా వర్ధన్నపేటలో బీఆర్ఎస్ ఎమ్మెల్యే. ఎన్నికల్లో ఓడి, 2024 మార్చిలో బీజేపీలో చేరారు. కడియం కావ్యను మొదట వరంగల్ అభ్యర్థిగా ప్రకటించింది బీఆర్ఎస్సే. ఆమె మార్చి చివరలో తప్పుకుని తండ్రితో పాటు కాంగ్రెస్‌లో చేరి, ఆ పార్టీ అభ్యర్థి అయ్యారు. అంటే మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఇద్దరూ కొద్ది నెలల ముందు ఒకే పార్టీ వారు. ఫిబ్రవరిలో వరంగల్ ఓటరును అడిగిన సర్వే, ఆ ఓటరు మేలో చూడబోయే పోటీ గురించి అడిగినట్టే కాదు. అభ్యర్థితో పాటు ఊరి నాయకుడు, మాజీ సర్పంచ్, సంఘం పెద్దలు ఎంతమంది కదిలారో ఏ ప్రశ్నాపత్రంలోనూ ఉండదు. దాని మీద ఆధారపడే ఓట్లు పాలకుర్తి, పరకాల పల్లెల్లో తక్కువేమీ కావు. అందుకే నామినేషన్ల ఉపసంహరణ ముగియకముందు వచ్చిన ఏ సర్వేనూ నియోజకవర్గం స్థాయిలో నేను లెక్కలోకి తీసుకోను. రాష్ట్రంలో గాలి ఎటు ఉందో తెలుసుకోవడానికి మాత్రం చదువుతాను.

ఇప్పుడు సర్వే ఎలా జరుగుతుందో చూద్దాం. పుస్తకంలో చెప్పే పద్ధతి ఇది: నియోజకవర్గంలో కొన్ని పోలింగ్ కేంద్రాలను లాటరీ తీసినట్టు ఎంచుకోవాలి, వాటి ఓటరు జాబితాలో నిర్ణీత వరుసలో పేర్లు తీయాలి, ఆ పేరున్న మనిషి ఇంటికే వెళ్లి ఆ మనిషినే అడగాలి, దొరకకపోతే మళ్లీ వెళ్లాలి. లోక్‌నీతి వంటి సంస్థలు ఈ పద్ధతికి దగ్గరగా పనిచేస్తాయి. నమూనా బ్యాలెట్ పత్రం ఇచ్చి, ఎవరూ చూడకుండా గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటాయి. దీనికి ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ. తొందరగా, చౌకగా చేసేవారు ఇన్ని మంది యువకులు, ఇన్ని మంది మహిళలు, ఇన్ని మంది రైతులు అని కోటా పెట్టుకుని, దారిలో దొరికినవారితో ఆ కోటా నింపుకుంటారు.

మన పల్లెల్లో ఏప్రిల్ నెల పగటిపూట దారిలో దొరికేది ఎవరో ఆలోచించండి. తెల్లవారుజామునే ఉపాధి హామీ పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎండ ముదిరాక తిరిగి వచ్చి ఇంటిపనిలో ఉంటారు. నర్సంపేట, పరకాల వైపు మిర్చి ఏరడం ఇంకా మిగిలి ఉంటే కూలీలు చేనులోనే ఉంటారు. యాసంగి వడ్లు కోసిన రైతు ఐకేపీ కొనుగోలు కేంద్రం దగ్గర కుప్పకు కావలి ఉంటాడు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు షిఫ్టులో ఉంటాడు. ఊరి మొగదల హోటల్ దగ్గర టీ తాగుతూ కూర్చున్న నలుగురైదుగురు మగవాళ్లు మాత్రం సర్వే పిల్లవాడికి తేలిగ్గా దొరుకుతారు. ట్యాబ్ పట్టుకున్న ఆ కుర్రవాడు ఒకరిని అడుగుతుంటే మిగతావాళ్లు వింటుంటారు, మధ్యలో అందుకుంటారు కూడా. అక్కడ గట్టిగా మాట్లాడేవాడు ఏదో ఒక పార్టీలో తిరిగేవాడే అయి ఉంటాడు. తండా చివర ఇంట్లో ఉన్న ముసలమ్మ దగ్గరికి ఓపిగ్గా వెళ్లి అడిగితే, "ఎవలొస్తే మాకేంది బిడ్డా, మా ఓటు మాకెర్క" అని తలుపు దగ్గరకు వేస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే ఖరీదుదారు బస్తా పైనున్న ఎర్రటి కాయలను చూసి ధర పెట్టడు, అడుగున తాలు ఉందేమోనని మధ్య నుంచి కూడా గుప్పెడు తీయిస్తాడు. సర్వే కూడా అలాగే అడుగు నుంచి తీయాలి. తీయకపోతే ఎన్ని వేల మందిని అడిగినా పైకాయల లెక్కే వస్తుంది.

అందుకే నమూనా ఎంత పెద్దదన్నదానికి ముందు ఎలా తీశారన్నది అడగండి. సక్రమంగా తీసిన వెయ్యి మంది నమూనాకు మూడు శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. పదివేల మందిని అడిగితే అది ఒక శాతానికి తగ్గుతుంది. కానీ పత్రికల్లో ఎవరూ రాయని విషయం ఒకటుంది. ఆ మూడు శాతం ఒక పార్టీ ఓటుకు సంబంధించినది. రెండు పార్టీల మధ్య తేడాకు వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు అవుతుంది. ఒక పార్టీకి 40, ఇంకొకదానికి 36 అని చెప్పిన వెయ్యి మంది సర్వేలో ఎవరు ముందున్నారో నిజానికి తేలలేదన్నమాట. రాష్ట్రం మొత్తం మీద మూడు వేల మందిని అడిగితే ఒక్కో లోక్‌సభ స్థానానికి వచ్చేది రెండు వందల మంది కూడా కాదు. ఆ రెండు వందల మందితో వరంగల్ ఎవరిదో చెప్పడానికి కూర్చుంటే తేడా ఏడు శాతం అటూ ఇటూ ఉంటుంది.

దీనికి తోడు 2024లో మహబూబ్‌నగర్ ఉంది. అక్కడ డి.కె.అరుణ 4,500 ఓట్ల తేడాతో చల్లా వంశీచంద్ రెడ్డిపై గెలిచారు. పోలైన సుమారు 12 లక్షల ఓట్లలో అది అర శాతం కూడా కాదు. ఆ సీటును సరిగ్గా చెప్పిన సంస్థ ఉంటే అది అదృష్టమే, తప్పు చెప్పిన సంస్థను తప్పుపట్టడానికీ లేదు. కానీ ఆ సీటు అటు మారి ఉంటే కాంగ్రెస్ 9, బీజేపీ 7 అయ్యేది, మరునాటి శీర్షికలన్నీ మారిపోయేవి. సీట్లను బట్టి సర్వేకు మార్కులు వేయవద్దని నేను విద్యార్థులకు చెప్పేది ఇందుకే. ముందు ఓట్ల శాతం ఎంత దగ్గరగా చెప్పారో చూడండి. శాతం చెప్పకుండా సీట్లు మాత్రమే చెప్పిన సర్వేను పక్కన పెట్టేయండి, ఎందుకంటే దానిలో పరీక్షించదగిన భాగాన్నే దాచారు.

ఎగ్జిట్ పోల్‌కూ పోలింగ్ తరువాతి సర్వేకూ తేడా గమనించండి. మొదటిది ఓటు వేసి బయటకు వస్తున్నవారిని కేంద్రం దగ్గరే అడిగేది, రెండోది పోలింగ్ ముగిశాక, లెక్కింపుకు ముందు, ఇంటికి వెళ్లి అడిగేది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 126ఎ ప్రకారం మొదటి దశ పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట వరకు ఎగ్జిట్ పోల్ ఫలితాలను వెల్లడించకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. అందుకే మే 13న మనం వేసిన ఓటు గురించిన అంచనా జూన్ 1 సాయంత్రం దాకా ఆగింది. ఇది మంచి నిబంధన అని నా నమ్మకం. మన ఓటు చూసి ఏడో దశలో ఓటేసే వారణాసి ఓటరు, మొదటి దశ చూసి మనమూ మనసు మార్చుకోవాల్సిన అవసరం లేదు.

దేశంలో గాలి ఒకవైపు వీస్తే మన దగ్గర ఇంకోవైపు వీచిన సందర్భాలు పాతవి కూడా ఉన్నాయి. 1977లో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42లో 41 సీట్లు కాంగ్రెస్‌కే ఇచ్చింది. హనుమకొండలో పి.వి.నరసింహారావు గెలిచారు. 1984లో ఇందిర హత్య తరువాత కాంగ్రెస్ 400 దాటినప్పుడు అదే హనుమకొండలో పి.వి. ఓడిపోయారు, చందుపట్ల జంగారెడ్డి గెలిచారు. ఆ ఎన్నికల్లో బీజేపీ దేశం మొత్తం మీద గెలిచిన రెండు సీట్లలో అది ఒకటి. తెలుగుదేశం గాలి, ఆ పార్టీ మద్దతు లేకుండా ఆ గెలుపు అర్థం కాదు. బీజేపీకి అప్పుడు దేశంలో 7.74 శాతం ఓట్లున్నా సీట్లు రెండే వచ్చాయని, తరువాతి కాలంలో 31 శాతం ఓట్లతో 2014లో 282 సీట్లు వచ్చాయని కూడా రాసుకోండి. ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయన్నది ఎన్ని వచ్చాయన్నదంత ముఖ్యమని ఈ రెండు అంకెలే చెబుతాయి. నియోజకవర్గాల పునర్విభజనలో హనుమకొండ లోక్‌సభ స్థానం రద్దయింది కాబట్టి, ఆ పాత ఫలితాలను ఇప్పటి వరంగల్ స్థానంతో నేరుగా పోల్చవద్దు.

2019 నిజామాబాద్‌ను కూడా వదలకండి. పసుపు, ఎర్రజొన్న ధరల మీద ఆందోళన చేస్తున్న రైతులే 178 మంది నామినేషన్లు వేసి బరిలో నిలవడంతో అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఎన్నికల సంఘం ఒక్కో కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. సర్వే పత్రంలో మాత్రం వాళ్లంతా "ఇతరులు" అనే ఒక్క గడిలో ఉంటారు. కల్వకుంట్ల కవిత 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయిన ఆ ఎన్నికలో రైతు కోపం ఎంతన్నది ఆ గడిని విప్పి చూడకుండా తెలియదు.

ఇక ఫలితాలు చదివే పద్ధతి. లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది, కాబట్టి మొదటి గంటలో టీవీ చూపే ఆధిక్యాలకు విలువ ఇవ్వకండి. వాటిలో ఉద్యోగుల ఓట్లు, ఇంటి దగ్గర ఓటు వేసిన వయోవృద్ధులు, దివ్యాంగుల ఓట్లు ఎక్కువ. తరువాత యంత్రాలు వస్తాయి. ప్రతి శాసనసభ సెగ్మెంటుకు వేరుగా, మామూలుగా పద్నాలుగు బల్లలు ఉంటాయి. కంట్రోల్ యూనిట్ బల్ల మీదికి రాగానే ఇనుప జాలీ అవతల కూర్చున్న ఏజెంట్లు ముందు సీలు, యంత్రం సంఖ్య చూస్తారు. ఆపైన మొత్తం ఓట్లను, పోలింగ్ రోజు ప్రిసైడింగ్ అధికారి తమకు ఇచ్చిన 17సీ పత్రంలోని అంకెతో పోల్చుకుంటారు. అది సరిపోయాకే ఫలితం మీట నొక్కుతారు, అభ్యర్థి తరువాత అభ్యర్థి ఓట్లు తెర మీద వస్తుంటే అటువైపు అందరూ కాగితాల మీద రాసుకుంటారు. పద్నాలుగు బల్లలు పూర్తయితే ఒక రౌండు. రౌండ్ల క్రమం పోలింగ్ కేంద్రాల వరుసను అనుసరిస్తుంది కనుక, మొదటి రౌండ్లలో కొన్ని మండలాలే ఉంటాయి. వాటిని చూసి నియోజకవర్గం మొత్తాన్ని ఊహించకూడదు. చివరగా ఒక్కో సెగ్మెంటులో ఐదు కేంద్రాల్లో, వేసిన ఓటును కాగితం మీద ముద్రించే వీవీప్యాట్ చీటీలను లెక్కించి యంత్రంతో సరిచూస్తారు. 2019లో సుప్రీంకోర్టు ఆ సంఖ్యను ఒకటి నుంచి ఐదుకు పెంచింది.

మీకు అసలైన ఆస్తి ఫారం 20. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని, నోటాకు ఎన్ని అన్నది అందులో ఉంటుంది, ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. వరంగల్ లోక్‌సభ పరిధిలోని స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, పరకాల, వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, వర్ధన్నపేట, భూపాలపల్లి సెగ్మెంట్లకు 2023 ఫారం, 2024 ఫారం తీసుకోండి. ఏడింటిలో ఆరు 2023లో కాంగ్రెస్ గెలిచినవి, స్టేషన్ ఘన్‌పూర్ ఒక్కటే బీఆర్ఎస్ నిలబెట్టుకున్నది, అక్కడ గెలిచింది కడియం శ్రీహరే. నాయకుడు పార్టీ మారితే ఓటు ఎంత మారుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి పరీక్షాస్థలం మీకు దొరకదు. కేంద్రాల సంఖ్యలు మారి ఉండవచ్చు, కాబట్టి ఊరి పేరు, బడి పేరుతో సరిచూసుకోండి. శాతాలు తీసేటప్పుడు నోటాను కలిపారా లేదా అన్నది మొదటి పేజీలోనే రాయండి. ఒకే పార్టీకి రెండు చోట్ల రెండు శాతాలు కనిపించడానికి తరచూ అదే కారణం.

సొంత సర్వే విషయానికి వస్తే, ఏడు సెగ్మెంట్లలో నాలుగేసి వందల మందిని అడగాలన్న మీ ఆలోచన వదిలేయండి. మీ బృందానికి అది మోయలేని బరువు, చివరకు హోటళ్ల దగ్గరే కోటా నిండుతుంది. స్టేషన్ ఘన్‌పూర్ సెగ్మెంటులోనే నాలుగు పోలింగ్ కేంద్రాలు ఎంచుకోండి: ఫారం 20 ప్రకారం ఓటు బాగా మారినవి రెండు, అసలు మారనివి రెండు. ఓటరు జాబితా తీసుకుని వరుసలో పేర్లు గుర్తించి, సాయంత్రం ఆరు తరువాత ఇళ్లకు వెళ్లండి. మహిళలను అడిగే పని మీ తరగతి అమ్మాయిలకు అప్పగించండి. ఎవరికి ఓటేశారని మొదటే అడగవద్దు. మీ ఊరికి ప్రచారానికి ఎవరు వచ్చారు, ఓటు ఎప్పుడు నిర్ణయించుకున్నారు, నవంబర్‌కూ మేకూ మధ్య ఏం మారిందనుకుంటున్నారు అని అడిగి, చివరకు నమూనా బ్యాలెట్ ఇచ్చి డబ్బాలో వేయమనండి. ఆ డబ్బాలో వచ్చిన లెక్కను ఫారం 20లోని అదే కేంద్రం లెక్క పక్కన పెడితే, చెప్పిన ఓట్లు వేసిన ఓట్లకు మొత్తం మీద ఎంత దగ్గరగా ఉన్నాయో, గెలిచినవారి వైపు ఎంత మొగ్గాయో మీకే ఇంచుమించుగా తెలుస్తుంది. ప్రశ్నాపత్రం తయారయ్యాక ఇక్కడే పెట్టండి, ప్రశ్నల వరుస చూసి చెబుతాను.